మునగాకు తినని గొంతు

వార్సిని కట్టుకునే బాతిక్ కోకలు ఆ ఏడాది నేలను తుడవడం మొదలుపెట్టాయి.

నలభై ఏళ్లుగా అదే మడత, అదే బిగింపు. అంచు నేలకు రెండు వేళ్లు పైన ఆగాలి. మేళంలో కూర్చుని పాడే ఆడదానికి అది మర్యాద. అలాంటిది ఇప్పుడు నడుస్తుంటే అంచు కాలివేళ్ల కింద పడుతోంది. ఉతికి ఉతికి గుడ్డ సాగిపోయిందని ఆమె తేల్చేసింది. కోడలు హొస్నా ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఆరు కోకలకూ అంచులు లోపలికి మడిచి కుట్టిపెట్టింది. వేరువేరు ఏళ్లలో కొన్న ఆరు గుడ్డలు సరిగ్గా రెండేసి వేళ్ల మేర సాగవని ఆమెకు తెలుసు.

జావా దీవిలోని సుంబర్‌వాతు ఊరి మండపంలో నెలకోసారి అరవై దాటినవాళ్లందరినీ కూర్చోబెట్టి రక్తపోటు చూస్తారు, బరువు తూస్తారు, కుర్చీ పట్టుకుని మడమలెత్తే వ్యాయామం చేయిస్తారు, చివర పెసల పాయసం పోస్తారు. సగం మంది పాయసం కోసమే వస్తారు. ఏడాదికోసారి ఎత్తు కూడా కొలుస్తారు. ఆ నెల కొలిచే నెల. ఆ పనులన్నీ చూసే ఎందా, వార్సిని తలమీద అట్టముక్క ఆనించి, పుస్తకంలోకి చూసి, మళ్లీ కొలబద్దవైపు చూసింది.

"నూట నలభై ఏడు. నిరుడు నూట యాభై ఒకటి కదా బామ్మగారూ?"

"నీ కొలబద్ద కింద చెదలు తినేసుంటుంది."

"కింద చెదలు తింటే మీరు పొడుగు తేలాలండీ, పొట్టి కాదు."

వరసలో వెనక నిలబడ్డ సరిమిన్ పెద్దగా నవ్వాడు. మేళంలో డోలు అతనిదే. డెబ్బై నాలుగేళ్లు. "డోలు కొట్టీ కొట్టీ నేను అరగలేదు, పాడీ పాడీ ఈవిడ అరిగిపోయింది. ఇంకో పదేళ్లకి జేబులో పెట్టుకుని పండక్కి తీసుకెళ్లొచ్చు."

"నీ జేబుకి చిల్లు, నేను జారిపోతాను," అంది వార్సిని. అందరూ నవ్వారు. పాయసం తాగేసి ఆ మాట మరిచిపోయింది.

పది రోజులు తిరక్కుండానే, అన్నం ఆవిరికుండను పొయ్యిమీంచి దించుతుండగా ఆమె వీపులో ఏదో చిటుక్కుమంది. పుల్ల విరిగినంత చప్పుడు. కుండ వదల్లేదు, నెమ్మదిగా గట్టుమీద పెట్టింది. ఆ తర్వాత నిటారుగా నిలబడబోతే కళ్లు బైర్లు కమ్మాయి. హొస్నా పరుగున వచ్చి పట్టుకుంది. చుట్టుపక్కలవాళ్లు ఒళ్లు పట్టే ముసలామెను పిలుచుకొచ్చారు. ఆమె కొబ్బరినూనె చేతులకు రాసుకుంటుండగానే హొస్నా మంచానికీ ఆమెకూ మధ్య నిలబడింది.

"పెద్దమ్మా, టీ తాగండి. నూనె కాళ్లకి రాయండి. వీపు మాత్రం ముట్టుకోవద్దు."

"నేను నలభై ఏళ్లుగా పడుతున్నానే పిల్లా!"

"మీ చేతిమీద అనుమానం కాదు పెద్దమ్మా. లోపల ఏం విరిగిందో చూడకుండా నొక్కితే పాపం మీకెందుకు?"

మర్నాడు ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చూసి, జిల్లా ఆసుపత్రిలో వీపుకు ఎక్స్‌రే తీయించుకురమ్మని చీటీ రాసిచ్చాడు. వార్సిని ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి తలగడ కింద దాచింది. ఎవరు అడిగినా ఒకటే మాట: "ఫొటో వద్దు. తగ్గిపోతుంది."

కోతల తర్వాత ఊరి పండగ. దానికి మూడు నెలలే ఉంది. ఊరు పుట్టిన ఊట దగ్గర, పొద్దున్నే, నైవేద్యాలు పరిచాక మొట్టమొదటి పాట వార్సినిదే. నలభై ఒక్క ఏళ్లుగా ఆమె నోరు తెరిచాకే పండగ మొదలైనట్టు లెక్క. నడుం నిలవకపోతే ఆ పాట లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఫొటో వద్దంటోంది. ఎందుకంటే ఫొటోలో నడుం ఒక్కటే పడదు.

పంతొమ్మిదో ఏట, అప్పటి మేళం పెద్దావిడ ఆమెను నది దాటించి ఒక ముసలాయన ఇంటికి తీసుకెళ్లింది. అతను మంత్రం చదివి, కంఠం కింద, మెడ ఎముకల దగ్గర అటొకటి ఇటొకటి, వెంట్రుకంత సన్నటి బంగారు సూదులు చర్మంలోకి దించాడు. సుసుక్ అంటారు. గొంతుకు మెరుపు వస్తుంది, విన్నవాడు లేచి వెళ్లలేడు. దానికి నియమాలు చెప్పాడు. పుల్లకు గుచ్చిన మాంసం పుల్లతో నోట పెట్టకూడదు. ఆరేసిన బట్టల కింద నుంచి నడవకూడదు. చిన్న బంగారు అరటిపండు తినకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మునగాకు. శవాన్ని కడిగే నీళ్లలో వేసే ఆకు అది. నాలుకకు తగిలిందా, సూదిలోని శక్తి చిల్లుకుండలో నీళ్లలా కారిపోతుంది.

ఆ ఏడాదే ఆమె పేరు నాలుగు ఊళ్లు దాటింది. యాభై ఏళ్లు కావస్తున్నా ఆమె ఆ నియమాలు తప్పలేదు. భర్త పోయేదాకా ఆయనకూ చెప్పలేదు. ఇప్పుడు ఆసుపత్రిలో ఎవడో కుర్రాడు ఫొటోను దీపానికి ఎదురుగా పెట్టి, "ఇదిగో, ఈవిడ గొంతు ఇక్కడుంది, సూదుల్లో," అని నలుగురికీ చూపిస్తాడు. అప్పుడు నలభై ఒక్క ఏళ్ల పాట ఎవరిదైనట్టు?

మూడో రోజు సాయంత్రం హొస్నా మంచం పక్కన పీట వేసుకుని చిక్కుళ్లు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఆమెది జలసంధి అవతల మదురా దీవి. వార్సిని కొడుకు ప్రియాదిని పెళ్లాడి ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్లు. ప్రియాది దూరప్రాంతపు బస్సు నడుపుతాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. తక్కిన అయిదు రోజులూ ఇంట్లో వీళ్లిద్దరే.

"ఇబూ," అంది హొస్నా. ఇబూ అంటే అమ్మ; అత్తను అలా పిలవడం ఆమెకు మొదటిరోజు నుంచీ అలవాటు. "ఆ ఎక్స్‌రే వీపుకే తీస్తారు."

"వీపుకి తీస్తే ముందున్నది పడదా? అవి ఆరపార చూస్తాయని నాకు తెలీదనుకోకు."

"ముందేముందని?"

వార్సిని గోడవైపు చూసింది.

హొస్నా ఇంకో నాలుగు చిక్కుళ్లు తీసింది. "ఇబూ, మా మిస్నావి అన్న కొట్టు నుంచి సాతే తెస్తాను కదా. మీ కంచంలో ఎప్పుడైనా పుల్లతో పెట్టానా?"

వార్సినికి గుర్తొచ్చింది. నిజమే. పదకొండేళ్లుగా ఆ కాల్చిన మాంసం ముక్కలు పుల్లలు తీసేసి, గిన్నెలో వేరుసెనగ పులుసు కలిపి వచ్చేవి. మదురావాళ్ల పద్ధతే అంత అనుకుంది. నలుగురికీ చెప్పింది కూడా: 'మా కోడలి ఊళ్లో పుల్లలు తీసేసి వడ్డిస్తారు, నాజూకు ఎక్కువ.'

"బట్టల తీగ పెరటి మధ్యనుంచి మేకల కొట్టం వెనక్కి మార్చాను. మీరు ఊడ్చేటప్పుడు చుట్టు తిరిగి వెళ్లడం చూసి. నేను వచ్చిన రెండో నెల అది."

"అయితే ఆ మొక్క..."

"మా అమ్మ ఇచ్చిన మునగకొమ్మ. దొడ్లో నాటాను. మీరు దానివంక చూసిన చూపు చూసి పీకేసి మిస్నావి అన్నకిచ్చేశాను."

"నేను కసిరానని భయపడి తీశావనుకున్నా."

"మీరు కసిరితే భయపడేదాన్నయితే పదకొండేళ్లు ఈ ఇంట్లో ఉండేదాన్నా?" హొస్నా ఈనెలు చేటలోంచి దులిపింది. "మా అమ్మమ్మ చెల్లెలికీ ఉండేవి ఇబూ. బజార్లో చేపలమ్మేది. ఆవిడ గొంతు వింటే కొనాలనిపించేది. ఆవిడా ఇంతే, తీగల కింద నడిచేది కాదు."

వార్సిని గోడమీంచి చూపు తిప్పింది. "వాడికి చెప్పావా?"

"మీ అబ్బాయికా? ఆయనకి చెబితే బస్సెక్కిన నలభై మందికీ చెబుతాడు."

నవ్వొచ్చింది వార్సినికి. నవ్వితే వీపు కలుక్కుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికో మరి దేనికో. "పదకొండేళ్లు నోరు మూసుకుని ఎలా ఉన్నావే?"

"ఎలా ఏముంది? ఇంట్లో ఒకరికి పడనిది మన చేత్తో పెట్టకూడదు, అంతే. రేపు పొద్దున్న ఏడింటికి బండి చెప్పాను. లోపలికి నేనూ వస్తాను. ఆ డాక్టరు పళ్లికిలిస్తే నేను చూసుకుంటాను."

డాక్టరు పళ్లికిలించలేదు. రాత్రి అనే పేరున్న ఆ ఎముకల డాక్టరమ్మ సన్నగా, నిద్ర చాలని కళ్లతో ఉంది. ఎక్స్‌రేను వెలుతురు పెట్టెకు తగిలించింది. మెడ ఎముకల దగ్గర రెండు తెల్లటి గీతలు, కుట్టుసూది విరిగిన ముక్కల్లా, మిగతా అన్నిటికంటే ప్రకాశంగా ఉన్నాయి. వార్సిని తల దించుకుంది. డాక్టరు పెన్ను వాటిని దాటి కిందికి వెళ్లింది.

"ఇక్కడ చూడండి బామ్మగారూ. ఈ పూసలన్నీ పెట్టెల్లా నలుచదరంగా ఉన్నాయి. ఈ రెండూ చూశారా, ముందువైపు నొక్కుకుపోయాయి. మీరు పొట్టిగా అయింది ఇందుకే. మొన్న చిటుక్కుమన్నది ఇదిగో, ఈ కిందిది."

"కుండ బరువే లేదమ్మా."

"కుండ తప్పు కాదు. ఎముక లోపల పలచబడింది. గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా రక్తంలో కాల్షియం ఉండాలి. తిండిలో వచ్చింది చాలకపోతే ఒళ్లు ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఆడవాళ్లకి ముట్టు ఆగాక ఎముక ఇంకా తొందరగా కరుగుతుంది. ఏళ్ల తరబడి జరిగినా మనకి తెలీదు, ఇలా విరిగేదాకా." డాక్టరు కాగితం తీసుకుంది. "పాలు తాగుతారా?"

"తాగితే గంటలో పెరట్లోకి పరుగు."

"ఎండు చేపలు, ఆ చిన్నవి?"

"బీపీ అన్నారని మానేశా."

"ఎండలో తిరుగుతారా?"

"పాడేవాళ్లం, మొహాలు నల్లబడతాయని గొడుగు లేకుండా గడప దాటం."

"ఆకుకూరలు?"

"అన్నీ తింటాను," అంది వార్సిని. "ఒక్కటి తప్ప."

డాక్టరు కళ్లు ఒక్క క్షణం ఎక్స్‌రే పైభాగానికి వెళ్లి వచ్చాయి. "ఆ ఒక్కటీ లేకపోయినా పర్వాలేదు. మిగతావి సరిగ్గా తినండి. రోజూ సోయాగింజల టోఫూ, తెంపే. చిన్న చేపలు ఉప్పు కడిగేసి ముళ్లతో సహా. పొద్దుటెండ. నేనిచ్చే మాత్రలు. ఈ వారానికొకటి వేసుకునేది మాత్రం పరగడుపున, గ్లాసుడు నీళ్లతో. వేసుకున్నాక అరగంట నిటారుగా కూర్చోవాలి, పడుకోకూడదు. వంగి బరువులెత్తొద్దు. స్నానాలగదిలో తడి మీద జారొద్దు."

లేవబోతూ వార్సిని ఆగింది. చేయి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్లింది.

"అవి..." అంది.

"నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారు బామ్మగారూ. నేను ఎవరికీ చెప్పను. వాటివల్ల చెడేమీ లేదు."

"మంచి?"

"నేను ఎముకల డాక్టర్ని. మంచి సంగతి మీ పాట విన్నవాళ్లు చెప్పాలి."

ఆ రోజు నుంచి హొస్నా ఇల్లు నడిపిన తీరు చూస్తే బస్సు టైముపట్టిక కూడా సిగ్గుపడుతుంది. బొటనవేలంత చేపలు వేడినీళ్లలో మూడుసార్లు నానబెట్టి, మూడో నీళ్లు నాలుకమీద వేసుకుని ఉప్పు చూసి, అప్పుడు మూకుట్లో కరకరలాడేలా వేయించేది. స్నానాలగదిలో పాచి గీకి, గోడకు వెదురు పట్టె కొట్టించింది. ఆదివారం పొద్దున్న మాత్ర వేసి, ఎదురుగా కూర్చుని గడియారం చూసేది. "ఇంకా ఆరు నిమిషాలుంది ఇబూ, వాలొద్దు." నొప్పి కాస్త తగ్గాక మోచేతులదాకా రవిక చేతులు మడిచి వసారా బయట బల్లమీద కూర్చోబెట్టేది. సరిమిన్ తన కర్ర తాటించుకుంటూ వచ్చి పక్కన కూర్చునేవాడు.

"ఎండుచేప తినిపించడమే కాదు, నిన్నూ ఎండబెడుతోందే నీ కోడలు."

"నువ్వెందుకు ఎండుతున్నావు మరి?"

"ఒక్కదానివే ఎండితే పిల్లులొస్తాయి."

ఆరో వారానికి వార్సిని కర్ర లేకుండా వీధి చివరిదాకా నడిచింది. నడుస్తున్నప్పుడు వెనక హొస్నా అడుగులు వినపడేవి, సాయం పట్టేంత దగ్గరా కాదు, పడిపోతే అందనంత దూరమూ కాదు.

ఒకరోజు ఎందా తలుపు దగ్గరే నిలబడి హొస్నాతో మాట్లాడుతోంది. వార్సిని లోపల కుర్చీ వెనక మడమలెత్తుతూ లెక్కపెట్టుకుంటోంది.

"అన్నీ పెడుతున్నావు, బాగుంది. మునగాకు కూడా పెట్టవే! ఎముకలకి మంచిదని మొన్న శిక్షణలో చెప్పారు. మీ దీవిలో రోజూ తినేదేగా?"

"నాకు ఆ వాసన పడదండీ."

"మదురా పిల్లవి, మునగాకు వాసన పడదంటావా? చేప వచ్చి నాకు నీళ్లు పడవన్నట్టుంది!"

"ఏమోనండీ, కొందరికి పడదు."

వార్సిని లెక్క తప్పింది. ఎందా వెళ్లాక, చెయ్యి కుర్చీమీంచి తీయకుండానే అడిగింది.

"నిజంగా పడదా నీకు?"

"ఏది ఇబూ?"

"నాతో ఆటలొద్దు."

హొస్నా గడపమీద కూర్చుంది. "చిన్నప్పుడు రోజూ అదే. మొక్కజొన్న నూక అన్నం, మునగాకు చారు. మా అమ్మ ఇంకేమీ వండేది కాదు, ఉంటేగా."

"మరి ఇప్పుడు?"

"నెలకోసారి మిస్నావి అన్న ఇంట్లో తింటాను. వదిన వండుతుంది." కాస్త సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "తిని, నోరు పుక్కిలించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని వస్తాను. మీకు అన్నం కలిపి పెట్టాలిగా."

ఆ పూట వార్సిని అన్నం కెలుకుతూ కూర్చుంది. తన గొంతు కాపాడుకోవడానికి తను ఎన్ని మానుకుందో అన్నీ గుర్తున్నాయి. కానీ ఇంకో మనిషి, ఏ మంత్రమూ వేయించుకోని, ఏ పేరూ తెచ్చుకోని మనిషి, పదకొండేళ్లు తన పుట్టింటి రుచిని వీధి మొదట్లోనే ఉమ్మేసి ఇంట్లోకి వచ్చింది. ఆ లెక్క ఆమె ఏనాడూ వేయలేదు.

నాలుగో రోజు హొస్నా సంతకు వెళ్లిన సమయం చూసి, వార్సిని గొడుగు వేసుకుని మిస్నావి కొట్టుకు నడిచింది. కొట్టు వెనక మునగచెట్టు ఇంటికప్పును దాటి ఎదిగింది. మిస్నావి బొగ్గులు విసురుతున్నవాడు లేచి నిలబడ్డాడు.

"నాలుగు మునగరెమ్మలు కావాలి."

విసనకర్ర చేతిలో ఆగిపోయింది. "అయ్యో, ఎవరు పోయారు పెద్దమ్మా?"

ఈ ఊళ్లో జావావాళ్లు ఆ చెట్టు దగ్గరికి వచ్చేది శవస్నానానికే. వార్సినికి నవ్వాగలేదు.

"ఎవరూ పోలేదయ్యా. వండుకోవడానికి."

"మీరా?"

"నేనే. నోరు మూసుకుని కొయ్యి. లేతవి చూసి."

హొస్నా సంతనుంచి వచ్చేసరికి వంటగట్టుమీద రెమ్మల కట్ట ఉంది. పక్కన వార్సిని పీట వేసుకుని కూర్చుంది. హొస్నా సంచీ కింద పెట్టకుండానే నిలబడిపోయింది.

"ఇబూ, వద్దు. పండక్కి ఇరవై రోజులే ఉంది. డాక్టరమ్మ కూడా అది లేకపోయినా పర్వాలేదంది కదా. పండగయ్యాక తిందురుగాని."

"పండగయ్యాక తింటే అది మిగిలింది పెట్టడం అవుతుంది. నీకు చేసిన మర్యాద కాదు."

"గొంతు పోతే?"

ఆ మాట ఇంత తేలిగ్గా ఎవరూ ఆమెతో అనలేదు. హొస్నా నమ్ముతోందో లేదో ఆమె మొహంలో తెలియలేదు. వార్సిని మాత్రం నమ్ముతోంది. యాభై ఏళ్ల నమ్మకం ఒక ఎక్స్‌రేతో పోదు. పైగా సూదులు అక్కడే ఉన్నాయని తన కళ్లతో చూసింది.

"పోతే పోనీ. పాడేందుకు కుర్రపిల్లలు ఇద్దరున్నారు. నన్ను నా కాళ్లమీద ఊటదాకా నడిపించేదానివి నువ్వొక్కదానివే. పొయ్యి వెలిగించు."

హొస్నా పొయ్యి వెలిగించింది. ఈనెలనుంచి ఆకు దూసింది, ముదురాకు ఏరి పక్కన పెట్టింది. నీళ్లు మరిగాక చిన్న ఉల్లిపాయలు, అల్లంలాంటి వేలిదుంప ముక్క, లేత మొక్కజొన్న వేసింది. అన్నీ ఉడికాకే ఆకు. ఆకు పడ్డాక మూత పెట్టలేదు, గరిటె ఒకే వైపు తిప్పింది, మూడు పొంగులు రాగానే దించేసింది. "ఎక్కువసేపు ఉంటే చేదెక్కుతుంది," అంది తనలో తాను.

వార్సిని మొదటి చెంచా నోట పెట్టుకునే ముందు కళ్లు మూసుకుంది. ఏదో తెగుతుందనుకుంది. కంఠం కింద చల్లగా ఏదో జారుతుందనుకుంది. చారు వేడిగా ఉంది, చివర ఒక చిరుచేదు, అంతే. ఇంకో చెంచా తాగింది. ఎదురుగా హొస్నా పళ్లెం ముందేసుకుని, తల ఎత్తకుండా, మొక్కజొన్న ముక్కలు చేత్తో పట్టుకుని కొరుక్కుంటూ తింటోంది. రెండోసారి వడ్డించుకుంది. మూడోసారి గిన్నె వంచి అడుగుది కూడా పోసుకుంది.

"అత్తకి ఉంచాలని లేదు చూడు," అంది వార్సిని.

"రేపు మళ్లీ వండుతాను ఇబూ," అంది హొస్నా.

ఆ ఇరవై రోజులూ వార్సిని పాడలేదు. సాధనకు రమ్మని సరిమిన్ రెండుసార్లు కబురు పెట్టాడు. జలుబు అంది ఒకసారి, పళ్లు నొప్పి అంది ఒకసారి. నిజానికి భయం. గొంతు ఉందో లేదో చూడకపోతే ఉన్నట్టే. మునగచారు మాత్రం రోజు విడిచి రోజు తాగింది. ఒకసారి మొదలుపెట్టాక వెనకడుగు వేయడం ఆమెకు చేతకాదు.

పండగ పొద్దున్న ఊట చుట్టూ చాపలు పరిచారు. పసుపన్నం కుప్పలు, కోళ్లు, అరటిగెలలు వరసగా పెట్టారు. డాక్టరు నేలమీద కూర్చోవద్దని చెప్పింది కాబట్టి హొస్నా ఇంటినుంచి వీపు నిటారుగా ఉండే చెక్క కుర్చీ తెచ్చింది. ఊరిపెద్ద అడ్డుపడ్డాడు.

"డోలుకంటే పాట ఎత్తున కూర్చోవడం ఎక్కడా లేదు. తప్పు."

"డోలు ఎత్తు పెంచితే తప్పుండదుగా?" అన్నాడు సరిమిన్. ఇద్దరు మగవాళ్లను పిలిచి, ఎవరింట్లోదో వడ్లు దంచే రోలు తెప్పించి బోర్లించి, డోలు దానిమీద పెట్టించాడు. తను నిలబడ్డాడు. "ఇంకా చాలకపోతే చెట్టెక్కి కొడతాను. మొదలుపెట్టండి."

మేళం మొదలైంది. తన చోటు వచ్చింది. వార్సిని నోరు తెరిచింది.

గాలి వచ్చింది, పాట రాలేదు. ఎండుటాకు నలిగినట్టు ఒక చప్పుడు, అంతే. చాపలమీద తలలు లేచాయి. అయిపోయింది అనుకుంది వార్సిని. ఆశ్చర్యంగా, హొస్నా మీద కోపం రాలేదు, ఆకుమీదా రాలేదు. పోయినందుకు బాధ ఉంది, తిన్నందుకు లేదు.

సరిమిన్ ఆమెవైపు చూడలేదు. ఏమీ జరగనట్టు డోలు దరువును మళ్లీ మొదటికి తిప్పాడు. మేళమంతా అతని వెంట మళ్లీ మొదటికి వచ్చింది. ఆమె కుర్చీ వీపుకు నడుం ఆనించి, మూడు నెలలుగా నేర్చుకున్నట్టు భుజాలు వెనక్కి తీసుకుని, పొట్టలోంచి ఊపిరి పీల్చింది.

ఈసారి వచ్చింది. ముప్పై ఏళ్లనాటి మెరుపు కాదు. కిందికి దిగిన గొంతు, కాస్త గరుకు. కానీ నిలిచింది. ఊటమీదుగా సాగి అవతలి గట్టున నిలబడ్డవాళ్లను చేరింది. సూదుల్లో శక్తి ఉండి వచ్చిందో, పోయినా వచ్చిందో, అసలెప్పుడూ లేకుండానే వచ్చేదో ఆమె ఆలోచించలేదు. పాట మధ్యలో అలాంటివి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

మొదటి చరణం చివర పాడేవాళ్లు ఎవరెవరి దయవల్ల ఆ ఏడు గడిచిందో పేర్లు చెబుతారు. ఊటను తవ్విన పెద్దలు, వరితల్లి, వాన, ఊరిపెద్ద. నలభై ఒక్క ఏళ్లుగా అవే పేర్లు, అదే వరస. వార్సిని అవన్నీ చెప్పింది. ఊపిరి ఇంకా మిగిలి ఉంది. మేళం తర్వాతి చరణానికి తిరగబోతుంటే ఆమె పాట ఆపలేదు.

"నీళ్లు దాటి వచ్చినదీ, నా వెన్ను నిలిపినదీ, నా కూతురు హొస్నా," అని పాడింది.

చాపలమీద గుసగుసలు లేచాయి. సరిమిన్ ఒక దరువు అదనంగా వేసి ఆ పేరుకు చోటిచ్చాడు.

హొస్నా వెనకెక్కడో అరిటాకుల్లో అన్నం సర్దుతోంది. పక్కనున్న ఎందా ఆమెను మోచేత్తో పొడిచింది. "విన్నావా? నీ పేరే! పాటలో నీ పేరు!"

హొస్నా చీరకొంగులాంటి తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుని, అన్నం గరిటె మళ్లీ అందుకుంది.

"విన్నానండీ," అంది. "ఎంతసేపయింది కూర్చుని? రెండో చరణమయ్యాక ఆవిణ్ణి లేపి నాలుగడుగులు నడిపించమని ఎవరైనా సరిమిన్ మామయ్యకి చెప్పండి. అట్టే కూర్చుంటే నడుం పట్టేస్తుంది."